తప్పులు కాచే గోల్ఫ్ ఐరన్లు, తక్కువ ఖర్చులో: ఏ దెబ్బకి ఏ మందు

డల్లాస్‌లో నేను మొదటిసారి గోల్ఫ్ ఆడే కొత్త ఐరన్ల (లోహపు తల ఉన్న క్లబ్బుల) సెట్ కొన్నది ఒక షాపు లోపల, వల ముందు నిలబడి. కింద మెత్తటి మ్యాట్, పక్కన స్క్రీన్. నా పాత 7 ఐరన్‌తో (అంకె పెరిగేకొద్దీ క్లబ్ పొట్టి, దూరం తక్కువ) 135 గజాలు పోయే బంతి కొత్తదానితో 152 చూపించింది. పావుగంటలో కార్డు గీకేశాను. ఆ శనివారం మున్సిపల్ కోర్సులో చూస్తే బంతి గ్రీన్ (జెండా చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద పడుతోంది గానీ ఆగట్లేదు, దొర్లుకుంటూ వెనక ఇసక బంకర్లోకి పోతోంది. పైగా పొట్టి ఐరన్లన్నీ ఎడమకే. ఆరు నెలలు అవస్థపడి, సగం ధరకి అమ్మేసి, నాలుగేళ్ల పాత సెట్ ఒకటి కొని నా ఒంటికి తగ్గట్టు సరిచేయించుకున్నాను. అంతా కలిపి నాలుగు వందల డాలర్లు దాటలేదు. ఇప్పటికీ దాంతోనే ఆడుతున్నాను.

అప్పటినుంచి స్నేహితులు ఐరన్ల గురించి అడిగితే ముందు మోడల్ పేరు చెప్పను. బంతికి ఏమవుతోందో అడుగుతాను. ఇదీ అలాగే రాస్తున్నాను. కుడి, ఎడమ అన్నవన్నీ కుడిచేతి వాటం వాళ్లకి. ఎడమచేతి వాటం వాళ్లు తిప్పి చదువుకోండి.

ముందు ఒక మాట. "ఫర్‌గివింగ్" అని అమ్మే ఐరన్ ఏ తప్పు కాస్తుంది? క్రికెట్ ఆడినవాళ్లకి ఇది చెప్పడం తేలిక. బంతి మిడిల్ అయితే బ్యాట్ కదలదు, అంచున తగిలితే చేతిలో తిరిగిపోతుంది. ఐరనూ అంతే. వెనక భాగాన్ని గుల్ల చేసి, ఆ బరువుని చుట్టూ అంచులకి జరిపితే, పక్కన తగిలినా తల అంతగా తిరగదు, దూరమూ అంతగా తగ్గదు. జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇంజనీరుగా చేసి పింగ్ కంపెనీ పెట్టిన కార్‌స్టెన్ సోల్‌హైమ్ ఈ ఆలోచనని జనంలోకి తెచ్చినవాళ్లలో ముఖ్యుడు. 1982లో వచ్చిన పింగ్ ఐ-2 ఐరన్లు చాలామంది బ్యాగుల్లోకి చేరాయి. అయితే ఇలాంటి ఐరన్ కాచేది ముఖ్యంగా బంతి తగిలే చోటులో జరిగే తప్పుని. ఫేస్ (బంతికి తగిలే ముందు భాగం) తెరుచుకుని వస్తే వచ్చే స్లైస్‌ని, అంటే కుడికి వంకర తిరిగే దెబ్బని, ఏ ఐరనూ పూర్తిగా కాయదు. దానికి డబ్బు పెట్టాలంటే కోచ్ దగ్గర పెట్టండి.

దెబ్బ మొద్దుగా తగులుతోంది, చేతులు జివ్వుమంటున్నాయి

బంతి ఫేస్ మీద ఎక్కడ తగులుతోందో తెలియకుండా ఏదీ కొనకండి. మందుల షాపులో దొరికే పాదాలకి కొట్టుకునే పౌడర్ స్ప్రే ఒక డబ్బా తెచ్చి, 7 ఐరన్ ఫేస్ మీద పల్చగా కొట్టి, పది బంతులు కొట్టండి. ప్రతి బంతికీ ఒక గుండ్రటి మచ్చ పడుతుంది. రెండు మూడు బంతులకోసారి ఫోటో తీసి, తుడిచి మళ్లీ కొట్టండి.

మచ్చలన్నీ మడమ వైపు, అంటే షాఫ్ట్ (క్లబ్ కర్ర) దగ్గర గుంపుగా ఉంటే క్లబ్ మీకు పొడవై ఉండొచ్చు. గ్రిప్ మీద చేతుల్ని అర అంగుళం కిందికి జరిపి ఇంకో ఇరవై కొట్టండి. మచ్చలు మధ్యలోకి జరిగితే జవాబు పైసా ఖర్చు లేకుండా దొరికినట్టే. వెంటనే కోయించకండి, ఒక నెల అలా కిందికి పట్టుకునే ఆడండి. అర అంగుళం కోస్తే తల తేలికైనట్టు అనిపిస్తుంది, దానికి వెనక సీసం టేప్ అంటించాల్సి రావచ్చు. మచ్చలు కొన వైపు ఉంటే ముందు బంతికి కాస్త దగ్గరగా నిలబడి చూడండి. అప్పటికీ మారకపోతేనే పొడవు సంగతి ఆలోచించండి.

మచ్చలు పేలాలు చల్లినట్టు ఫేస్ అంతా ఉన్నాయా? అయితే ఫిట్టింగ్‌కి, అంటే క్లబ్బుల్ని ఒంటికి తగ్గట్టు కొలిపించుకోవడానికి, ఇంకా టైం రాలేదు. స్టాండర్డ్ పొడవులో, పెద్ద తల ఉన్న పాత సెట్ ఏదైనా తీసుకుని ఆడండి. వెడల్పాటి తల అసలు పనికొచ్చేది ఈ దశలోనే.

బాగా తగులుతోంది, కానీ ఎడమకే పోతోంది (లేదా కుడికే)

నన్ను ఆరు నెలలు తిప్పలు పెట్టింది ఇదే. క్రికెట్ నుంచి వచ్చినవాళ్లం కదా, కింది చేయి లాగుతోందేమో, లెగ్ సైడ్ అలవాటు పోలేదేమో అనుకున్నాను. 5 ఐరన్ నేరుగా పోతోంది, 9 ఐరన్ మాత్రం పది గజాలు ఎడమకి. చేయే లాగుతుంటే పొట్టి క్లబ్బుల్లోనే ఎందుకు లాగుతుంది?

కారణం లై యాంగిల్, అంటే తల నేలకి ఆనినప్పుడు షాఫ్ట్ ఎంత వాలుగా నిలుస్తుందో ఆ కోణం. బంతిని తాకేటప్పుడు కొన పైకి లేచి ఉంటే ఫేస్ ఎడమకి చూస్తుంది. మడమ లేచి ఉంటే కుడికి. లాఫ్ట్ (ఫేస్ వెనక్కి వాలే కోణం) ఎక్కువ ఉన్న క్లబ్‌లో ఈ ప్రభావం ఎక్కువ. అందుకే 9 ఐరన్, వెడ్జ్ (దగ్గరి దెబ్బలకి వాడే పొట్టి క్లబ్) ముందు బయటపెడతాయి. కొత్తగా ఆడేవాళ్లలో స్లైస్ ఎక్కువని చాలా కంపెనీలు ఈ రకం ఐరన్లని కొంచెం నిటారుగానే చేస్తాయి. నా ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు. మన చేతికి అవి ఇంకా నిటారుగా వస్తాయి.

దీన్ని ఇంట్లో ఉన్నదాంతోనే తేల్చొచ్చు. ఆఫీసులో వైట్‌బోర్డు మీద రాసే మార్కర్ తీసుకుని, బంతి మీద ఒక నిలువు గీత మందంగా గీయండి. గీత ఫేస్ వైపు నిటారుగా ఉండేలా బంతిని పెట్టి 9 ఐరన్‌తో కొట్టండి. గీత ఫేస్ మీద అచ్చు పడుతుంది. నిలువుగా ఉంటే మీ లై సరిగ్గా ఉంది. గీత పై కొస క్లబ్ కొన వైపు వాలితే ఐరన్ మీకు మరీ నిటారు. మడమ వైపు వాలితే మరీ వాలు. నాది కొంచెం వాలి కనిపించింది, కొన వైపు. మొదటి బంతి పొరపాటేమో అనుకుని ఇంకో ఆరు కొట్టాను. అన్నీ అలాగే.

మందు: వంచడం. క్లబ్ రిపేరు చేసేవాళ్ల దగ్గర తలని బిగించి లై, లాఫ్ట్ వంచే మెషిన్ ఉంటుంది. క్లబ్‌కి కొన్ని డాలర్లే. నావి రెండు డిగ్రీలు వాల్చారు, నేను కాఫీ తాగే లోపు పని అయిపోయింది. ఎడమకి పోవడం ఆ రోజుతో ఆగింది. ఇంత చిన్న పని తెలియకే ఆరు నెలలు అవస్థపడ్డాను!

ఒక జాగ్రత్త. మెత్తటి కార్బన్ స్టీల్‌ని సాగగొట్టి చేసిన ఫోర్జ్‌డ్ తలలు తేలిగ్గా వంగుతాయి. పోతపోసిన గట్టి స్టెయిన్‌లెస్ తలలు మొండికేస్తాయి, బలవంతం చేస్తే మెడ దగ్గర విరగొచ్చు. తప్పులు కాచే ఐరన్లలో ఎక్కువ భాగం ఈ రెండో రకమే. ఒకటి రెండు డిగ్రీలయితే చాలావాటికి కుదురుతుంది, అయినా పాత సెట్ కొనేముందే ఆ మోడల్ వంగుతుందా అని రిపేరు వాళ్లని అడగండి.

పాత పింగ్ సెట్లలో ఈ తలనొప్పి తక్కువ. వాటి తల మీద చిన్న రంగు చుక్క ఉంటుంది. నల్ల చుక్క స్టాండర్డ్. నీలం, ఆకుపచ్చ, తెలుపు నిటారు వైపు. ఎరుపు, నారింజ వాలు వైపు. మీ కొలత తెలిస్తే ఆ చుక్క ఉన్న సెట్టే వెతికి కొనొచ్చు. పొడుగువాళ్ల కోసం చేసిన తెల్ల చుక్క సెట్ చవగ్గా వస్తోందని తీసుకుని నాలాంటి ఎత్తువాళ్లు ఆడితే మొత్తం ఎడమే.

దూరం బ్రహ్మాండం, గ్రీన్ మీద ఆగదు

షాపులో నన్ను పడేసిన 17 గజాల రహస్యం ఇదే. నా పాత 7 ఐరన్ లాఫ్ట్ 34 డిగ్రీలు. కొత్తది 28. అంటే నేను పోల్చింది 7 ఐరన్‌తో 7 ఐరన్‌ని కాదు. అడుగున 7 అని రాసి ఉన్న, ఇంచుమించు 5 ఐరన్‌ని. స్వింగ్ వేగం బాగా ఉన్నవాళ్లు దాన్నీ పైకి లేపగలరు. మనలాంటి వాళ్లకి బంతి చదునుగా వచ్చి దొర్లిపోతుంది. స్క్రీన్ మీద దూరం పక్కనే బంతి కిందికి దిగే కోణం కూడా ఉంటుంది, 7 ఐరన్‌కి అది 45 డిగ్రీల దగ్గర ఉందో లేదో చూడండి. నేను చూడలేదు, వాళ్లు చూపించలేదు.

దీని వెనకే ఇంకో ఖర్చు వస్తుంది. అలాంటి సెట్లో పిచింగ్ వెడ్జ్ 43 డిగ్రీలు. మీ బ్యాగులో ఉన్న శాండ్ వెడ్జ్ 56. మధ్యలో 13 డిగ్రీలు ఖాళీ. నాకు 115 గజాలకి ఒక క్లబ్ ఉండేది, 80కి ఒకటి ఉండేది. 100 గజాల దగ్గర నిలబడితే ఏది తియ్యాలో తెలిసేది కాదు. కాబట్టి పాత సెట్ చూసేటప్పుడు పిచింగ్ వెడ్జ్ తర్వాత ఆ ఖాళీని పూడ్చే గ్యాప్ వెడ్జ్ కూడా ఇస్తున్నారో లేదో చూడండి. కంపెనీని బట్టి దాని మీద ఎ, జి, యూ లాంటి అక్షరం ఉంటుంది. విడిగా తర్వాత వెతకడం కష్టం.

4 ఐరన్ ఉందా లేదా అన్నది మాత్రం పట్టించుకోకండి. మీ 5 ఐరన్, 6 ఐరన్ ఒకే దూరం పోతుంటే 5 కూడా అక్కర్లేదు, దాని బదులు ఒక పాత హైబ్రిడ్ (లావు తలతో బంతిని తేలిగ్గా లేపే క్లబ్) చాలు. 6 నుంచి గ్యాప్ వెడ్జ్ దాకా ఉన్న చిన్న సెట్లు చవగ్గానూ వస్తాయి.

మ్యాట్ మీద బాగుంది, కోర్సులో నేల తవ్వుతోంది

మ్యాట్ అబద్ధం చెబుతుంది. బంతికి రెండంగుళాల వెనక తగిలినా క్లబ్ జారిపోయి బంతిని లేపేస్తుంది. అందుకే ఐరన్ల పరీక్ష గడ్డి మీదే చెయ్యాలి.

ఇక్కడి నేల సంగతి మన గుంటూరు వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. డల్లాస్ చుట్టూ ఉన్నది నల్లరేగడే. వాన పడితే బూటుకి అంటుకుంటుంది, ఆగస్టులో పగుళ్లు తీస్తుంది. వానాకాలపు మెత్తటి నేలలో అడుగు వెడల్పుగా ఉన్న ఐరన్ దిగబడకుండా జారుతుంది, అది నిజంగా తప్పు కాస్తుంది. ఎండకి గట్టిపడ్డ నేల మీద అదే వెడల్పాటి అడుగు ఎగిరి, బంతి నడుముకి తగలొచ్చు. నేను మధ్యరకం వెడల్పుకి స్థిరపడ్డాను. మీరు తరచూ ఆడే కోర్సు గట్టినేల అయితే అన్నిటికంటే వెడల్పైనది ఎంచుకోకండి.

బంతి లేవదు, కుడికి పోతుంది, చివరి హోల్స్‌లో మరీ

షాఫ్ట్ మీకు బరువు, లేదా గట్టి. పాత సెట్లలో స్టిఫ్ స్టీల్ షాఫ్ట్‌లున్నవి చవగ్గా కనిపిస్తాయి, ఆశపడకండి. బరువైన స్టీల్ షాఫ్ట్ 130 గ్రాముల దాకా ఉంటుంది, తేలిక స్టీల్ 95 దగ్గర, గ్రాఫైట్ 60, 70 దగ్గర. మీ 7 ఐరన్ 140 గజాలు దాటకపోతే స్టిఫ్ అవసరం దాదాపు ఉండదు. రెగ్యులర్, స్టిఫ్ అన్న మాటలకి కంపెనీలన్నిటికీ ఒకే కొలత లేదు, ఒకరి రెగ్యులర్ ఇంకొకరి స్టిఫ్‌లా ఉండొచ్చు. కాబట్టి ఆ మాట కన్నా గ్రాములు అడగండి. రోజంతా కీబోర్డు మీద ఉండి మోచేయి నొప్పి ఉన్నవాళ్లు గ్రాఫైట్‌కి కాస్త ఎక్కువైనా పెట్టండి.

ఫిట్టింగ్‌కి వెళ్తే బిల్లు భయం

పై పరీక్షలన్నీ చేసుకుని వెళ్తే ఫిట్టర్ దగ్గర అడగాల్సినవి మూడే: పొడవు, లై, షాఫ్ట్ బరువు. "నాకు అంకెలు కాగితం మీద కావాలి, క్లబ్బులు ఈ రోజే కొనను" అని ముందే చెప్పండి. కొన్ని చోట్ల ఫీజు తీసుకుని, తర్వాత కొంటే బిల్లులో తగ్గిస్తారు. ప్రాక్టీసు రేంజ్‌లలో కంపెనీలు పెట్టే డెమో రోజుల్లో ఊరికే కొట్టి చూడొచ్చు. ఇండియాకి పంపడానికి కొంటున్నట్టయితే అక్కడ ఆడబోయేవాళ్ల మణికట్టు నుంచి నేలకి ఎత్తు ఫోన్లో కొలిపించుకోండి, బూట్లు వేసుకుని, చేతులు వదిలేసి నిలబడమనండి. గోల్కొండ పక్కన నయా ఖిలా కోర్సులో ఆడే మా మావయ్యకి అలాగే కొలిపించి, వంచి, చెక్-ఇన్ బ్యాగులో తీసుకెళ్లాను. క్యాబిన్‌లోకి గోల్ఫ్ క్లబ్బులు రానివ్వరు.

పాత సెట్‌లో ఒక్క క్లబ్బే మొండికేస్తోంది

కొనేటప్పుడే చూసుకోవాల్సింది. మూడు నుంచి ఎనిమిదేళ్ల పాత మోడళ్లయితే తల డిజైన్‌లో మీరు పోగొట్టుకునేది చాలా తక్కువ, కానీ ముందు ఎవరు ఎలా వాడారో తెలియదు. ఫేస్ మీది గాడుల మీదుగా గోటిని పైనుంచి కిందికి గీసి చూడండి, పట్టుకోవాలి. తలని చెవి దగ్గర ఊపితే గలగలమనకూడదు. స్టీల్ షాఫ్ట్‌ని కంటికి దగ్గరగా పెట్టి తిప్పితే వంపు కనిపిస్తుంది. గ్రిప్‌లు నున్నగా అయిపోతే ధరలో తగ్గించమనండి, ఎలాగూ మార్చాల్సిందే. నున్నటి గ్రిప్‌ని గట్టిగా బిగించి పట్టుకుంటే మిగతా ఫిట్టింగ్ అంతా వృథా. ఇప్పుడే దిగిన మోడల్, కొత్తది, సగం ధరకి ఆన్‌లైన్‌లో కనిపిస్తే నకిలీ అనుకోండి.

చివరికి అన్నిటినీ వరసగా గోడకి ఆనించి నిలబెట్టండి. ఒక్కోటీ ఇంచుమించు అర అంగుళం చొప్పున దిగుతూ మెట్లలా రావాలి. నేను ఒకాయన గరాజ్‌లో అలా నిలబెడితే 8 ఐరన్, 9 ఐరన్ ఒకే ఎత్తులో ఉన్నాయి. ఎప్పుడో షాఫ్ట్ విరిగితే ఏదో దొరికింది వేయించారట. ఆయన ముప్పై డాలర్లు తగ్గించాడు, నేను అందులో ఇరవై ఐదు పెట్టి షాఫ్ట్ మార్పించాను.