ఆవకాయ పెట్టే రోజు చేతులకు గాయం కాకుండా ఎలా చూసుకోవాలి?

మా ఇంట్లో వేసవి సెలవులు, ఆవకాయ కలిసే వస్తాయి. పిల్లలు ఊరు నుంచి దిగిన వారంలోనే కాయలూ దిగుతాయి. ఇల్లంతా సందడి, హాలు మధ్యలో పదునైన కత్తిపీట. అలాంటి ఒక రోజునే మా పెద్దమ్మ ఎడమ బొటనవేలు తెగింది. గాయం మానింది గానీ, ఆ వేలి చివరి కణుపు ఈనాటికీ వంగదు. జాకెట్టు హుక్కు పెట్టుకోవాలన్నా పక్కనున్న వాళ్లను పిలవాల్సిందే. అప్పటి నుంచి మేము పాటిస్తున్న పద్ధతి ఇది.

1. కాయ ఎక్కడ కొట్టించాలో ముందే తేల్చుకోండి

రైతుబజారుల్లో, మార్కెట్లలో ఆవకాయ ముక్కలు కొట్టి ఇచ్చేవాళ్లు ఉంటారు. రోజంతా అదే పని చేసే చేతులవి. కుదిరితే వాళ్ల దగ్గరే కొట్టించుకోండి. ఖర్చు కొద్దిగానే అవుతుంది, సగం ప్రమాదం ఇంటి గడప దాటి రాదు.

2. ఇంట్లోనే కొట్టేటట్లయితే

వంటింటి చాకు పనికిరాదు. టెంకలో ఇరుక్కుంటుంది, బలంగా లాగితే జారి చేతికి తగులుతుంది. ఆవకాయ కోసమే చేసిన కత్తిపీట కావాలి. పీట ఊగుతోందా, కత్తిని పట్టి ఉంచే మేకు వదులైందా అన్నది ముందు రోజే చూసుకుని, పదును పెట్టించండి. మొద్దు కత్తికి ఒంటి బరువంతా వేయాలి. అప్పుడది ఎటు జారుతుందో మన చేతిలో ఉండదు.

తడి తగిలితే ఊరగాయ బూజు పడుతుందని కాయలను తుడిచి ఆరబెడతాం కదా, ఆ తుడవడం చేతికీ రక్షే. ముచ్చిక దగ్గర కారే సొన జారుతుంది, కొందరికి చర్మం పొక్కుతుంది కూడా. కాసేపు నీళ్లలో వేసి, సొన పోయేలా కడిగి, పొడిగుడ్డతో గట్టిగా తుడవండి. ఉంగరాలు, గాజులు తీసి పక్కన పెట్టండి.

ఇక అసలు కొట్టడం. టెంక బల్లపరుపుగా ఉంటుంది, దానికి ఒక అంచు ఉంటుంది. ఆ అంచు మీద కత్తి దిగేలా కాయను నిలబెట్టి కొడితే రెండు చెక్కలుగా విడిపోతుంది. పడుకోబెట్టి కొడితే కత్తి టెంక మీద జారి, కాయ గిర్రున తిరుగుతుంది. పెద్దమ్మ చేతిలో తిరిగింది అలాగే. కాయను వెనక కొస దగ్గర పట్టుకోండి, బొటనవేలిని మిగతా వేళ్ల పక్కనే ఉంచండి. చేతిలో మిగిలిన ముక్క మరీ చిన్నదైతే ఇంకా కొట్టాలని చూడకండి. ఆవకాయలో ఒక ముక్క పెద్దదైతే వచ్చే నష్టం ఏమీ లేదు.

కొట్టేవారు ఒక్కరే ఉండాలి. కత్తిని కిందికి దించి, పిడి వదిలాకే మరొకరు ముక్కలు తీసుకోవాలి. చెయ్యి అలిసిపోతే మనిషి మారాలి. పిల్లలను తరిమేస్తే మళ్లీ వస్తారు, అందుకే వాళ్లకూ ఒక పని అప్పగించండి: దూరంగా చాప వేసి, చెంచాతో జీడి తీయడం, ముక్కలు తుడవడం.

3. కారం కలిపేటప్పుడు

చేతులకు తొడుగులు వేసుకోండి. మంట పుడితే ఒట్టి నీళ్లతో పోదు, ఎందుకంటే మిరప ఘాటు నూనెలో కరుగుతుంది. ముందు వంటనూనె రాసి తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడగండి.

4. పెరట్లో పిల్లలు

కాయలు కోయడానికి చిక్కం కట్టిన పొడి వెదురు గడ ఇవ్వండి, ఇనుప గొట్టం వద్దు. కరెంటు తీగల దగ్గర మాత్రం ఏ గడా వద్దు. చెట్టు మీద నుంచి పడే పిల్లలు చెయ్యి చాచి పడతారు, దాంతో మణికట్టు లేదా మోచేతి పైన ఎముక విరుగుతుంది. మోచెయ్యి వాస్తే మర్దన చేయించకండి, బిగుతుగా కట్టు కట్టించకండి. లోపల రక్తప్రసారం ఆగితే కొన్ని గంటల్లోనే కండరాలు దెబ్బతింటాయి. చేతిని ఉన్నది ఉన్నట్టుగా అట్టముక్కతో ఆన్చి, ఎముకల వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి.

5. కత్తి తగిలితే

శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చేతిని గుండె కంటే ఎత్తులో ఉంచండి. పది నిమిషాల దాకా తీసి చూడకండి. పసుపు, కాఫీ పొడి, సున్నం పెట్టకండి. రక్తం ఆగకపోతే 108కి ఫోన్ చేయండి.

వేలు తెగి పడిపోతే ఆ ముక్కను తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టండి. ఆ సంచిని మంచు ముక్కలు వేసిన నీళ్లలో ఉంచండి. ముక్కకు మంచు నేరుగా తగలకూడదు.

రక్తం ఆగాక ఒక్కో వేలినీ మెల్లగా మడిచి చూడమనండి, కొసన తాకితే స్పర్శ తెలుస్తోందా అడగండి. వేలు వంగకపోయినా, మొద్దుబారినా, గాయం ఎంత చిన్నదైనా ఆ రోజే ఆసుపత్రిలో చూపించాలి. తెగిన కండరతాడు రోజులు గడిచేకొద్దీ లోపలికి ముడుచుకుపోతుంది, అతకడం కష్టమవుతుంది. టెటనస్ ఇంజెక్షన్ సంగతీ అక్కడే అడగండి. పెద్దమ్మ రక్తం ఆగింది కదా అని గుడ్డ చుట్టుకుని, మిగిలిన కాయలు కూడా కొట్టేసి లేచింది. వేలు వంగడం లేదని మాకు చెప్పేసరికి మూడు వారాలు దాటింది.