కెమెరాకు అందని రేసును చెప్పడం: సైక్లింగ్ టీవీ వ్యాఖ్యానానికి ఒక మార్గదర్శి

రోడ్డు సైకిల్ రేసును టీవీలో చూసే ప్రేక్షకుడికి ఏ క్షణంలోనైనా కనిపించేది ఆ రేసులో ఒక ముక్క మాత్రమే. ముందు వెళ్తున్న నలుగురిని మోటార్‌సైకిల్ మీది కెమెరా చూపిస్తున్నప్పుడు, రెండు నిమిషాల వెనుక ఉన్న ప్రధాన గుంపులో ఏ జట్టు వేగం పెంచుతోందో, ఇంకా వెనుక టైరు పంక్చరైన నాయకుడిని ఎవరు తిరిగి ముందుకు తీసుకొస్తున్నారో ఆ దృశ్యంలో ఉండదు. మైదానంలో ఆడే ఆటల్లో బంతి ఎక్కడుంటే ఆట అక్కడే ఉంటుంది కాని, ఇక్కడ ఆట ఒకేసారి కిలోమీటర్ల పొడవున మూడు నాలుగు చోట్ల సాగుతుంటుంది. అందువల్ల తెర మీద లేని రేసును ప్రేక్షకుడి మనసులో నిలబెట్టడమే ఈ వ్యాఖ్యాత మొదటి బాధ్యత అని నేను నమ్ముతాను. గొంతులోని ఉత్సాహం, చరిత్ర పరిజ్ఞానం, చమత్కారం అన్నీ దాని తర్వాతివే.

ఈ పని ప్రసారానికి ముందే మొదలవుతుంది. ఫ్రాన్స్‌లో మూడు వారాలు సాగే టూర్ డి ఫ్రాన్స్ వంటి పెద్ద రేసులో 22 లేదా 23 జట్లు, జట్టుకు 8 మంది చొప్పున, 176 లేదా 184 మంది బయలుదేరడం పరిపాటి. నంబర్లు వీపు మీద ఉంటాయి, కెమెరా ఎక్కువసేపు ముఖాల వైపు ఉంటుంది; కనుక మనిషిని నంబరుతో కాకుండా హెల్మెట్ రంగుతో, భుజాలు ఊపే తీరుతో, జాతీయ విజేతలు ధరించే ప్రత్యేక జెర్సీతో గుర్తుపట్టడం అలవాటు చేసుకోవాలి. అయినా నంబర్ల క్రమం తెలిసి ఉండటం ఎంతో ఉపయోగం. మొదటి జట్టుకు 1 నుంచి 8 వరకు, రెండో జట్టుకు 11 నుంచి 18 వరకు నంబర్లు సాగుతాయి, ఒకటితో ముగిసే నంబరు సాధారణంగా ఆ జట్టు నాయకుడిది. పేర్ల ఉచ్చారణ కోసం ఆ సైక్లిస్టు తన పేరును తానే చెప్పుకొన్న ఇంటర్వ్యూను వెతికి వినండి. ఇక దారి విషయానికొస్తే, చివరి 30 కిలోమీటర్లను కంఠస్థం చేయాలి. రోడ్డు ఎక్కడ ఇరుకవుతుంది, ఏ మలుపు తర్వాత గాలి పక్క నుంచి కొడుతుంది, చివరి కొండ పైనుంచి గమ్యానికి ఎంత దూరం ఉంది అన్నవి కాగితం చూడకుండా చెప్పగలగాలి. పక్కగాలి వీచే చోట గుంపు ముక్కలవుతుందని, ముక్కలయ్యాక కాక పది కిలోమీటర్ల ముందే చెప్పిన వ్యాఖ్యాతను ప్రేక్షకుడు ఆ రోజంతా నమ్ముతాడు.

అన్నిటికంటే ఎక్కువ సాధన చేయవలసింది సమయవ్యత్యాసాన్ని చదవడం. తెర మూలన కనిపించే అంకెను బిగ్గరగా చదివితే అది వ్యాఖ్యానం కాదు, ఆ అంకె ఎటు కదులుతోందో, ఎంత వేగంగా కదులుతోందో చెప్పాలి. గమ్యం 60 కిలోమీటర్ల దూరంలో ఉండగా ముందున్నవారి ఆధిక్యం 4 నిమిషాలు, 50 కిలోమీటర్ల దూరంలో 3 నిమిషాల 10 సెకన్లు అనుకుందాం. పది కిలోమీటర్లకు 50 సెకన్లు కరిగిపోయాయి కనుక, ఇదే తీరున సాగితే గమ్యానికి సుమారు 12 కిలోమీటర్ల ముందు వారు పట్టుబడతారు. ఈ లెక్కను బయటికి చెప్పిన మరుక్షణం నుంచి ప్రేక్షకుడి దగ్గర ఒక అంచనా ఉంటుంది, ఆపైన ఆధిక్యం తగ్గడం నెమ్మదించినా, వేగం అందుకున్నా అతడికి ఉత్కంఠ కలుగుతుంది. సమయాన్ని దూరంలోకి మార్చి చెప్పడం కూడా అవసరం. గంటకు 48 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నప్పుడు ఒక నిమిషం అంటే 800 మీటర్లు. నిటారు కొండ మీద వేగం 18 కిలోమీటర్లకు పడిపోయినప్పుడు అదే నిమిషం 300 మీటర్లే అవుతుంది. కొండ మీద వెనుకవాడు కళ్లెదుటే కనిపిస్తున్నా ఆధిక్యం ఇంకా నిమిషం ఉందని ఎందుకు చూపిస్తున్నారో కొత్త ప్రేక్షకుడికి అర్థమయ్యేది ఈ మాట చెప్పినప్పుడే.

సైక్లిస్టుగా పోటీపడి, తర్వాత ఫ్రెంచ్ టీవీ వ్యాఖ్యాతగా మారిన రొబేర్ షాపాత్ పేరు మీద ఈ రంగంలో ఒక సూత్రమే స్థిరపడింది. ఒంటరిగా ముందున్న సైక్లిస్టు గెలవాలంటే గమ్యానికి పది కిలోమీటర్ల దూరంలో కనీసం ఒక నిమిషం ఆధిక్యం నిలుపుకోవాలన్నది దాని సారం. ఇది భౌతికశాస్త్ర నియమం కాదు. వంకర రోడ్లు, వాన, వెంబడించే జట్ల మధ్య సహకారం లేకపోవడం వంటివి దీన్ని తరచూ తలకిందులు చేస్తాయి. కనుక సూత్రాన్ని చెప్పి ఊరుకోకుండా, ఈ రోజు అది ఎందుకు పనిచేయవచ్చో, ఎందుకు చేయకపోవచ్చో కూడా వివరించండి.

లెక్క తప్పితే ఏమవుతుందో చూపడానికి టోక్యో ఒలింపిక్స్ మహిళల రోడ్డు రేసును మించిన ఉదాహరణ నాకు తెలియదు. 2021 జులై 25న ఆస్ట్రియాకు చెందిన ఆనా కీసెన్‌హోఫర్ ఆరంభంలోనే మరికొందరితో కలిసి ముందుకు దూకి, గమ్యానికి సుమారు 40 కిలోమీటర్ల దూరం నుంచి ఒంటరిగా సాగి స్వర్ణం గెలిచింది. ఒలింపిక్స్‌లో సైక్లిస్టుల చెవుల్లో రేడియోలు ఉండవు. ఆమెతో ముందు వెళ్లిన మిగిలినవారిని పట్టుకోగానే, ముందు ఇక ఎవరూ లేరని వెనుకవారిలో కొందరు అనుకున్నారు. నెదర్లాండ్స్‌కు చెందిన అనెమీక్ వాన్ వ్లూటెన్ 75 సెకన్ల తర్వాత గీత దాటి, తానే గెలిచాననుకుని చేతులు పైకెత్తింది. ఆ పరిస్థితిలో వ్యాఖ్యాత వెంబడించేవారిని చూపే ప్రతి దృశ్యం మీదా ‘వీరికి ముందు ఇంకొకరు ఉన్నారు’ అని గుర్తుచేయాలి, ఆ విషయం వీరికి తెలిసినట్లు లేదని వారి ప్రవర్తనను బట్టి పసిగట్టి చెప్పాలి. ఇందుకోసం ముందు వెళ్లినవారి పేర్లను కాగితం మీద రాసుకుని, పట్టుబడిన ప్రతి ఒక్కరి పేరు కొట్టివేస్తూ పోవడం చాలు. ఇంత చిన్న పనే అయినా, దీన్ని మానేసిన వ్యాఖ్యానం కీలక క్షణంలో తడబడుతుంది.

ఎవరు ఎక్కడున్నారో చెప్పిన తర్వాత, ఎందుకు అలా చేస్తున్నారో చెప్పాలి. వెనుక గుంపు తాపీగా వెళ్తుంటే కొత్త ప్రేక్షకుడికి అది బద్ధకంలా కనిపిస్తుంది. ముందున్నవారిలో తమ సభ్యుడున్న జట్టు వెంబడించదని, స్ప్రింటర్ (గీత ముందు చివరి వేగపు పరుగులో గెలవగలవాడు) ఉన్న జట్టే శ్రమ భరించక తప్పదని, తక్కిన జట్లు ఆ శ్రమను ఉచితంగా వాడుకోవాలని చూస్తాయని తెలిస్తే ఆ నెమ్మదితనమే ఒక బేరసారంగా కనిపిస్తుంది. ముందువాడి వెనుక దాగి వెళ్లేవాడికి గాలి నిరోధం ఎంతగానో తగ్గుతుందన్న ఒక్క విషయం మీదే ఈ క్రీడలోని వ్యూహమంతా ఆధారపడి ఉంది. తెలిసినవారికి విసుగు కలుగుతుందేమోనన్న సంకోచంతో దీన్ని దాటవేయకూడదు. టూర్ డి ఫ్రాన్స్‌లో 2017 నుంచి ప్రతి దశనూ, అంటే ఒక్కో రోజు పోటీనీ, ఆరంభం నుంచి ముగింపు దాకా ప్రసారం చేస్తున్నారు. అయిదారు గంటల ప్రసారంలో ప్రేక్షకులు ఏ నిమిషంలోనైనా వచ్చి చేరతారు. అందుకే ప్రతి పదిహేను నిమిషాలకు ఒకసారి పరిస్థితినంతా రెండు వాక్యాల్లో మళ్లీ చెప్పడం మంచిది.

ఆ గంటల్లో కోటల గురించి, నదుల గురించి, పాత విజేతల గురించి చెప్పడానికి చోటుంటుంది. ఫ్రెంచ్ టీవీలో జాన్ పోల్ ఒలివియే ఇటువంటి చారిత్రక విశేషాలతోనే పేరు పొందారు. అయితే ఎవరైనా దాడి చేసిన, అంటే ఒక్కసారిగా వేగం పెంచి విడివడిన, క్షణాన కథను వాక్యం మధ్యలోనైనా వదిలేయాలి.

వ్యాఖ్యానం ఇద్దరు పంచుకునే పని. ఒకరు జరుగుతున్నది చెబుతారు, పోటీపడిన అనుభవం ఉన్న రెండోవారు దాని లోపలి కారణం చెబుతారు. మూడు దశాబ్దాలకు పైగా కలిసి పనిచేసిన ఫిల్ లిగెట్, పాల్ షెర్వెన్‌ల జంటలో షెర్వెన్ స్వయంగా ఏడుసార్లు టూర్‌లో పాల్గొన్న సైక్లిస్టు. మాజీ క్రీడాకారుడి నుంచి వినవలసింది తన రోజుల ముచ్చట్లు కాదు. ఇప్పుడు ఆ సైక్లిస్టు భుజాలు ఎందుకు ఊగుతున్నాయి, గేరు ఎందుకు మార్చాడు, తినకుండా ఎంతసేపు అయింది అన్న పరిశీలన కావాలి. ఇద్దరూ మౌనంగా ఉండే సమయం కూడా ఉండాలి, కొండ మీద జనం అరుపులు మాటకంటే బాగా చెబుతాయి.

గడియారంతో ఒంటరిగా పోటీపడే టైమ్ ట్రయల్‌కు వేరే పద్ధతి కావాలి. 1989 టూర్ చివరి రోజున వెర్సాయ్ నుంచి పారిస్‌కు 24.5 కిలోమీటర్ల పోటీ జరిగింది. అన్ని రోజుల మొత్తం సమయంలో 50 సెకన్లు వెనుకబడి ఉన్న గ్రెగ్ లెమాండ్ 26 నిమిషాల 57 సెకన్లలో ముగించాడు. ఆ క్షణం నుంచి వ్యాఖ్యాతకు కావలసిన అంకె ఒక్కటే, అప్పటిదాకా ముందున్న లోరాన్ ఫిన్యోన్ 27 నిమిషాల 47 సెకన్లు దాటకుండా రావాలి. ఫిన్యోన్ 27 నిమిషాల 55 సెకన్లు తీసుకుని, మొత్తం రేసును 8 సెకన్ల తేడాతో కోల్పోయాడు. ఇటువంటి పోటీలో లక్ష్య సమయాన్ని ముందే లెక్కగట్టి చెబితే, గడియారం పరుగెత్తడం తప్ప వేరే కథనం అవసరం ఉండదు.

ప్రమాదాల విషయంలో మాట తగ్గించాలి. 2011లో ఇటలీలో జరిగే ‘జిరో డి ఇటాలియా’ రేసు మూడో దశలో బెల్జియంకు చెందిన వూటర్ వేలాంట్ కొండ దిగుతూ పడి మరణించారు. కింద పడి కదలని మనిషి తెర మీద కనిపించినప్పుడు ఎముక విరిగిందని, స్పృహ లేదని ఊహించి చెప్పకూడదు. ఆ ప్రసారాన్ని అతడి కుటుంబం చూస్తుండవచ్చు. వైద్యులు అక్కడున్నారని, నిర్వాహకుల ప్రకటన వచ్చాక చెబుతామని అని, వెంటనే మిగతా రేసు పరిస్థితికి మారాలి. డోపింగ్ విషయంలోనూ నిగ్రహం కావాలి. లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఏడు టూర్ విజయాలను 2012లో రద్దు చేశారు. ఆ అనుభవం తర్వాత ఎవరినీ మానవాతీతుడని కొనియాడకపోవడమూ, ఆధారం లేకుండా ఎవరినీ అనుమానించకపోవడమూ రెండూ వ్యాఖ్యాత మర్యాదలే.

స్ప్రింట్ ముగింపులో గొంతు పెంచడానికి తొందరపడకండి. అయిదు కిలోమీటర్ల ముందే అరవడం మొదలుపెడితే చివరి రెండు వందల మీటర్లకు పెంచడానికి ఏమీ మిగలదు. చివరి కిలోమీటరు గుర్తు దాటాక వాక్యాలు చిన్నవి కావాలి, పేర్లు మాత్రమే మిగలాలి. గీత దగ్గర ఎవరు గెలిచారో తెలియకపోతే తెలియలేదనే చెప్పి, ఫోటో కోసం ఆగాలి. గెలిచినవారి పేరు చెప్పాక కూడా రేసు అయిపోదు. మొదటి ముగ్గురి మొత్తం సమయం నుంచి తగ్గించే 10, 6, 4 సెకన్ల బోనస్ ఉన్న రేసుల్లో మొత్తం పట్టిక ఎలా మారిందో చెప్పాలి. చదునైన దశల్లో సాధారణంగా చివరి 3 కిలోమీటర్లలో (కొన్నిసార్లు 5 వరకు) పడిపోయినవారికి తామున్న గుంపు సమయమే లభిస్తుందన్న నియమం ఎవరికైనా వర్తించిందేమో చూడాలి. చాలా వెనుక, గడువులోపు చేరడానికి కలిసికట్టుగా వస్తున్న స్ప్రింటర్ల గుంపుకు ఇంకా ఎన్ని నిమిషాలు మిగిలి ఉన్నాయో కూడా ప్రసారం ముగిసేలోగా చెప్పాలి.