మీటర్లకు 485 కన్వర్టర్ కలిపే ముందు మూడో తీగ చూసుకోండి

ఖరీఫ్ ధాన్యం రాకముందే పని ముగించాలన్న తొందరలో కిందటి నెల ఒక రైస్ మిల్లులో ఎనర్జీ మీటర్లను 485 కన్వర్టర్ (మీటర్ల సమాచారాన్ని కంప్యూటరు చదివేలా మార్చే పరికరం) ద్వారా కంప్యూటరుకు కలిపారు. పెద్ద మోటారు స్టార్ట్ చేసిన మొదటి రోజే నాలుగు మీటర్లు జవాబివ్వడం మానేశాయి. విప్పి చూస్తే నాలుగింటిలోనూ ఆర్‌ఎస్-485 చిప్ (తీగల మీద సమాచారం పంపి, అందుకునేది) కాలిపోయింది. కన్వర్టర్ నుంచి ఏ, బీ అనే రెండు తీగలే లాగారు. మూడో తీగ కలపాల్సిన కామన్ (సిగ్నల్ గ్రౌండు) టెర్మినల్ ఖాళీగా ఉంది.

సమాచారం ఆ రెండు తీగల మధ్య వోల్టేజీ తేడాగా నడుస్తుంది కాబట్టి మూడోది అక్కర్లేదని చాలామంది నమ్ముతారు. కానీ ఆర్‌ఎస్-485 ప్రమాణం ప్రకారం ఆ రెండు తీగలూ అందుకునే పరికరం గ్రౌండుతో పోలిస్తే మైనస్ 7 నుంచి ప్లస్ 12 వోల్టుల లోపలే ఉండాలి. మోటారు ప్యానెల్ దగ్గరి ఎర్త్‌కూ, ఆఫీసు గది ఎర్త్‌కూ మధ్య తేడా ఆ హద్దు దాటితే చిప్ తట్టుకోలేదు. రెండు చోట్లా ఎర్త్ ఉంది కదా అని నాతో ఎందరో అన్నారు; ఆ ఎర్త్ మూడో తీగకు బదులు కాదు. అయితే ఐసొలేషన్ (కంప్యూటరు వైపుకూ తీగల వైపుకూ నేరుగా విద్యుత్ సంబంధం లేకుండా విడదీయడం) లేని కన్వర్టర్‌తో కామన్ కలిపితే ఎర్త్‌ల మధ్య కరెంటు ఆ సన్నని తీగలోంచే పారవచ్చు. అందుకే ఐసొలేషన్ ఉన్న కన్వర్టరే కొనండి, దానికీ కామన్ కలపండి.

ఏ, బీ తారుమారైతే ఏమీ కాలదు, జవాబు రాదంతే. కంపెనీకో తీరుగా పేర్లు పెడతారు కనుక మార్చి చూడండి.

రెండు జతల ట్విస్టెడ్ కేబుల్ వాడి, రెండో జతను కామన్‌కు ఇవ్వండి. షీల్డును (కేబుల్ లోపలి తీగల చుట్టూ ఉండే లోహపు పొరను) కామన్‌గా వాడకండి. దాన్ని ఒక చివరనే ఎర్త్ చేయండి. మీటరు నుంచి మీటరుకు వరుసగా లాగండి, కొమ్మలు చీల్చకండి. 120 ఓమ్‌ల రెసిస్టర్ రెండు చివరలే పెట్టండి. పవర్ ఆపి ఏ, బీల మధ్య కొలిస్తే సుమారు 60 ఓమ్‌లు రావాలి. డ్రైవ్ (మోటారు వేగాన్ని నియంత్రించే పరికరం) నుంచి మోటారుకు వెళ్లే కేబుల్ ఉన్న పైపులో దీన్ని దూర్చకండి. పక్క టెర్మినల్‌లో 24 వోల్టులున్నాయేమో మల్టీమీటరుతో చూడకుండా స్క్రూ బిగించకండి. కేబుల్ మరో భవనానికి వెళితే రెండు వైపులా సర్జ్ ప్రొటెక్టర్ (హఠాత్తుగా ఎగిసే వోల్టేజీని అడ్డుకునేది) పెట్టండి. పవర్ ఉండగా తీగ ముట్టుకోకండి. కామన్ కలపకుండా పవర్ ఇవ్వకండి.