పాత కమాన్ కట్టలు విప్పుతున్నారా?
ఎంజీబీ లాంటి పాత స్పోర్ట్స్ కారు వెనక కమాన్ కట్ట (లీఫ్ స్ప్రింగు, అంటే ఒకదానిమీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలు) కిర్రుకిర్రుమంటుంటే వెంటనే కొత్తది కొననక్కర్లేదు. పట్టీలు విరగకుండా, మరీ సాగిపోకుండా ఉంటే బాగుచేసుకోవచ్చు.

పట్టీలన్నిటినీ మధ్యలో కలిపి పట్టే సెంటర్ బోల్టు ఊడదీసే ముందు దానికి రెండు పక్కలా గట్టి క్లాంపులు బిగించండి. పట్టీలు ఒత్తిడిలో ఉంటాయి, ఒక్కసారిగా వదిలితే ఎగిరి తగులుతాయి. బోల్టు తీశాక క్లాంపులు కొద్దికొద్దిగా వదులు చేయాలి. వరుస మారకుండా సుద్దతో నంబర్లు వేసుకోండి.

తుప్పు వైర్ బ్రష్‌తో గీకి, సెంటర్ బోల్టు రంధ్రం చుట్టూ టార్చి వేసి చూడండి. వెంట్రుకంత పగులు కనిపించినా ఆ పట్టీ పనికిరాదు. వెల్డింగ్ మాటే వద్దు, వేడికి స్ప్రింగు గుణం పోతుంది. చిన్న పట్టీల కొసలు పై పట్టీలో గాడి చేసి ఉంటాయి. ఆ కొసల అంచులు ఆకురాయితో నున్నగా చేయండి, కిర్రు చాలావరకు అక్కడిదే.

సెంటర్ బోల్టు, కట్టను ఇరుసుకు బిగించే యూ బోల్టులు కొత్తవే వేయండి. కట్ట చివర్లలో బోల్టుల చుట్టూ ఉండే రబ్బరు బుష్షులకు గ్రీజు తగలనివ్వకండి. వాటి బోల్టుల చివరి బిగింపు కారు చక్రాల మీద నిలబడ్డాకే. జాకీ మీద ఉండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగి త్వరగా చిరిగిపోతుంది.