తొలి హాఫ్ ఐరన్‌మ్యాన్: ముందు లెక్క, తరువాత సాధన

హాఫ్ ఐరన్‌మ్యాన్ అంటే ఒకదాని తరువాత ఒకటిగా ఈత 1.9 కిలోమీటర్లు, సైకిల్ 90 కిలోమీటర్లు, పరుగు 21.1 కిలోమీటర్లు. మూడూ కలిపితే 113, మైళ్లలో చెబితే 70.3, ‘ఐరన్‌మ్యాన్ 70.3’ అన్న పోటీ పేరులో ఆ అంకె చేరింది అందుకే. గోవాలో, పనాజీ దగ్గరి మిరామార్ తీరంలో 2019 అక్టోబరులో ఈ పోటీ తొలిసారి జరిగింది. రోజంతా ఉద్యోగం చేసుకుంటూ తెల్లవారుజామున సాధన చేసేవారికి ఇది అందని లక్ష్యమేమీ కాదు. అయితే షెడ్యూలు వేసుకోవడానికి ముందే కాగితం మీద కటాఫ్ లెక్క, అంటే ఏ దశను ఎంత గడువులోపు ముగించాలన్న లెక్క వేసుకోవాలి.

ఈ దూరానికి సాధారణంగా ఈతకు 1 గంట 10 నిమిషాలు, ఈత మొదలైనప్పటి నుంచి సైకిల్ ముగిసేసరికి 5 గంటల 30 నిమిషాలు, మొత్తానికి 8 గంటల 30 నిమిషాలు గడువు ఉంటుంది. అంటే ఈతలో ప్రతి 100 మీటర్లకూ 3 నిమిషాల 41 సెకన్లు దాటకూడదు. గడువు చివరి నిమిషంలో నీటి నుంచి బయటపడి, బట్టలు, బూట్లు సర్దుకోవడానికి 10 నిమిషాలు తీసుకున్న వ్యక్తికి సైకిల్‌కు మిగిలేది 4 గంటల 10 నిమిషాలే. గంటకు సుమారు 21.6 కిలోమీటర్ల వేగం నిలబెట్టాలి. పరుగుకు మిగిలిన 3 గంటల్లో కిలోమీటరుకు ఎనిమిదిన్నర నిమిషాలే దొరుకుతాయి కాబట్టి, ఎంత చురుకుగా నడిచినా నడకతోనే గట్టెక్కడం కష్టం. ఈ మూడు అంకెల్లో మీకు ఏది భయం కలిగిస్తే వారంలో ఎక్కువ రోజులు దానికే ఇవ్వాలి. మనలో చాలామంది ఇందుకు విరుద్ధంగా, బాగా వచ్చిన దాన్నే పదేపదే సాధన చేస్తూ ఉంటాం.

తెలుగువారిలో ఎక్కువమందికి ఆ భయం ఈతే. 50 మీటర్ల కొలనులో 38 పొడవులు ఆగకుండా ఈదినంత మాత్రాన సముద్రానికి సిద్ధపడినట్లు కాదు, ఎందుకంటే కొలనులో ప్రతి మలుపులోనూ గోడను తన్నుకుని ముందుకు జారుతాం, అడుగున గీత దారి చూపుతుంది. సముద్రంలో ఆ రెండూ ఉండవు. అందువల్ల ప్రతి ఆరు, ఎనిమిది బారలకోసారి కళ్లు మాత్రం నీటిపైకి ఎత్తి బోయాను (దారి చూపేందుకు నీటిపై తేలే గుర్తును) చూసుకోవడం కొలనులోనే అలవాటు చేసుకోవాలి. గోవా నీరు వెచ్చగా ఉంటుంది కనుక తేలడానికి తోడ్పడే వెట్‌సూట్‌కు అనుమతి ఉండదు. గుంపులో ఎవరి కాలో తగిలి ఊపిరి తడబడితే వెల్లకిలా తిరిగి నాలుగు శ్వాసలు తీసుకోవచ్చు, రక్షణకు ఉండే చిన్న పడవ కయాక్‌ను పట్టుకుని ఆగవచ్చు. అది మిమ్మల్ని ముందుకు లాగనంతవరకు నిబంధనలకు విరుద్ధం కాదు. సముద్రంలో సాధన ఒంటరిగా మాత్రం చేయవద్దు. విశాఖ ఆర్కే బీచ్‌లో లోపలికి లాగే ప్రవాహాలు మంచి ఈతగాళ్లనూ వదలవు.

సైకిల్ దగ్గర సమస్య అతి ఉత్సాహం. నీటి నుంచి బతికి బయటపడ్డామన్న సంతోషంలో మొదటి 20 కిలోమీటర్లు వేగంగా తొక్కేసినవారు పరుగులో పదో కిలోమీటరు దగ్గర ఆ అప్పు తీరుస్తారు. మాట్లాడగలిగే స్థాయిలోనే శ్వాసను ఉంచుకుని, చివరి 30 కిలోమీటర్లకు శక్తి దాచుకోవాలి. ముందున్న సైకిల్ వెనుక గాలి చాటున తొక్కితే శిక్ష పడుతుంది. దాటుతున్నప్పుడు తప్ప 12 మీటర్ల దూరం పాటించాలి. స్టాండు నుంచి సైకిల్ తీయకముందే హెల్మెట్ బకిల్ పెట్టుకోవాలి. పంక్చర్ వేయడం ఇంట్లో పదిసార్లు చేసి చూడండి. హైదరాబాదువారికి ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఉన్న 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్, నీడ కప్పు ఉన్నందున, దీర్ఘ సాధనకు అనుకూలం; కాని గోవా ఎండకు అలవాటు పడాలంటే కొన్ని వారాలు ఎండలోనూ తొక్కాలి.

తిండి విషయంలో గంటకు 60 గ్రాముల కార్బోహైడ్రేట్లు మంచి ఆరంభం. ఇందుకు వాడే చిక్కటి తీపి జెల్ పడనివారు అరటిపండు, ఖర్జూరం, బెల్లం పల్లీపట్టీ వాడవచ్చు. ఏదైనా సాధనలో కడుపు ఒప్పుకున్నదే పోటీలో తినాలి. చెమట ఎక్కువగా పట్టేచోట ఉత్త నీళ్లే అదే పనిగా తాగితే రక్తంలో సోడియం పలచబడి ప్రాణాపాయం రావచ్చు కనుక ఉప్పు కలిసిన పానీయం తప్పనిసరి.

వారానికోసారి సైకిల్ దిగిన వెంటనే 20 నిమిషాలు పరుగెత్తండి. మొదట కాళ్లు మనవి కానట్లు మొద్దుబారి ఉంటాయి. కొన్ని వారాలకు ఆ మొద్దు త్వరగా వదలడం గమనిస్తారు. ట్రాన్సిషన్ స్థలంలో, అంటే ఈత నుంచి సైకిల్‌కు, సైకిల్ నుంచి పరుగుకు మారే చోట, మీ సైకిల్ ఎక్కడుందో ముందురోజే నడిచి గుర్తుపెట్టుకోండి. నా మొదటి పోటీలో వందల సైకిళ్ల నడుమ నా వరుస మరచిపోయి, తడి బట్టలతో నాలుగు నిమిషాలు వెతుక్కున్నాను. ఆరు నెలల ఈత సాధనలో తగ్గించుకున్న సమయం అంతకంటె ఎక్కువేమీ కాదు.

నలభై దాటినవారు, కుటుంబంలో గుండెజబ్బు ఉన్నవారు రుసుము కట్టకముందే వైద్యుణ్ని కలవాలి. పరుగులో ప్రతి నీటి కేంద్రం దగ్గరా తలపై నీళ్లు పోసుకుని, దొరికితే మంచుముక్కలు టోపీలో వేసుకోండి. ముగింపు గీత దాటాక వెంటనే కూలబడకుండా పది నిమిషాలు నడిచి, ఆ తరువాత ఉప్పు వేసిన మజ్జిగ తాగండి.