హార్మోన్ టాబ్లెట్లు వాడాలా వద్దా: ముందు బీరువాలో కాగితాలు వెతకండి

అర్ధరాత్రి మెడ దగ్గర్నుంచి ఆవిరి ఎగదన్నినట్టు లేచి, నైటీ తడిసిపోయి, మనం ఫ్యాన్ ఐదులో పెడితే పక్కన ఆయన దుప్పటి ముసుగేసుకుంటాడు చూడండి, ముట్లుడిగే ఆ స్టేజ్‌లో ఉన్నవాళ్ళ కోసం ఇది. హార్మోన్లు అనగానే అందరూ అనేది "అమ్మో క్యాన్సర్ వస్తుందంట" అనే. ఆ భయం ఊరికే పుట్టలేదు. 2002లో అమెరికాలో ఉమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ అనే పెద్ద స్టడీలో రెండు హార్మోన్లు కలిపి ఇచ్చిన భాగాన్ని మధ్యలో ఆపేశారు, రొమ్ము క్యాన్సర్ కేసులు పెరిగాయని. కానీ ఆ స్టడీలో ఉన్న ఆడవాళ్ళ సగటు వయసు 63, పెరిగింది ఏడాదికి పదివేల మందిలో ఎనిమిది కేసులు. ఈ ముక్కలు దారిలోనే రాలిపోయి భయం ఒక్కటే మన దాకా వచ్చింది.

ఇప్పుడు డాక్టర్లు ముందు చూసేది వయసు. 60 లోపు, లేదా ముట్లుడిగి పదేళ్ళ లోపు మొదలుపెడితే, వేరే రిస్కులు లేనివాళ్ళకి మామూలుగా లాభమే ఎక్కువ.

తర్వాత గర్భసంచి ఉందా లేదా అని. ఉంటే ఈస్ట్రోజన్ ఒక్కటే వాడితే లోపలి పొర పెరిగి క్యాన్సర్ దాకా పోవచ్చు, అందుకే ప్రొజెస్టరాన్ కూడా కలిపి ఇస్తారు. తీసేసి ఉంటే ఈస్ట్రోజన్ చాలు. మన దగ్గర ఇది పెద్ద విషయం, ఎందుకంటే ఏపీ, తెలంగాణల్లో గర్భసంచి ఆపరేషన్లు దేశంలోనే ఎక్కువ. 2015-16 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఏపీలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో దాదాపు 9 శాతం మందికి తీసేసి ఉంది, దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకే.

మా పిన్నికి 34 ఏళ్ళకే తీసేశారు. అండాశయాలు ఉంచారా అంటే "ఏమో, సంచి తీశామన్నారు" అంటుంది. బీరువాలో పెళ్ళి పట్టుచీర కింద డిశ్చార్జ్ కాగితం దొరికింది, అందులో "బీఎస్ఓ" అని ఉంది. అంటే రెండు అండాశయాలు, ట్యూబులు కూడా తీసేశారన్నమాట! 45 లోపే ఇలా జరిగితే ఎముకలు గుల్లబారతాయి, గుండెకీ మంచిది కాదు, అందుకే వేరే అడ్డంకి లేకపోతే మామూలుగా ముట్లుడిగే వయసు దాకా హార్మోన్లు వాడమంటారు. ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు 58, డాక్టర్ ఇంక హార్మోన్లు వద్దని ఎముకల స్కాన్ రాసింది.

రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళు, కాళ్ళల్లో రక్తం గడ్డకట్టినవాళ్ళు, స్ట్రోకో హార్ట్ ఎటాకో వచ్చినవాళ్ళు, లివర్ జబ్బున్నవాళ్ళు అడక్కముందే చెప్పేయండి, వీళ్ళకి మామూలుగా ఇవ్వరు. ముట్లు ఏడాది పాటు ఆగిపోయాక మళ్ళీ బ్లీడింగ్ కనిపిస్తే హార్మోన్ల సంగతి తర్వాత, ముందు స్కాన్. బీపీ, బరువు ఉన్నవాళ్ళు ప్యాచ్ గానీ జెల్ గానీ కుదురుతుందా అని అడగండి, టాబ్లెట్ కంటే వాటితో గడ్డల రిస్క్ తక్కువ. కింద పొడిబారి మంట, అదొక్కటే బాధైతే అక్కడ రాసుకునే క్రీమ్ ఉంది, సిగ్గుపడి చెప్పకపోతే డాక్టర్‌కి ఎలా తెలుస్తుంది చెప్పండి.

పక్కింటి వదిన స్ట్రిప్ ఫోటో తీసుకుని మెడికల్ షాప్‌కి మాత్రం వెళ్ళకండి, ఆవిడకి గర్భసంచి లేదు, మీకుంది.