స్విమ్మింగ్ పూల్ నీళ్లు పచ్చగైనయా? ఇంకో డబ్బా క్లోరిన్ పోసే ముందు ఇది చదవండి

ఫోన్ల ఎప్పుడూ ఇదే మాట: "అన్నా, నిన్ననే క్లోరిన్ పోసిన, మల్ల పచ్చగైనయ్, ఇంకెంత పొయ్యాలె?" ఎంత పొయ్యాలె అనేది తర్వాతి ముచ్చట, ముందు ఫిల్టర్ మీద ప్రెషర్ గేజ్ ఎంత చూపిస్తుందో చెప్పండి అంటే అవతల సప్పుడు ఉండదు. హన్మకొండ చుట్టూ ఫామ్‌హౌస్‌లు చూసినా, కరీంనగర్, మంచిర్యాల దిక్కు చూసినా ఇదే వరుస, గేజ్ చూడరు, పీహెచ్ (నీళ్లు యాసిడ్ దిక్కు ఉన్నయా, సున్నం దిక్కు ఉన్నయా చెప్పే అంకె) చూడరు, సీదా దుకాణానికి పోయి ఇంకో డబ్బా తెస్తరు. వాక్యూమ్ కొట్టుడు, గోడలకు బ్రష్ పెట్టుడు, స్కిమ్మర్ బుట్ట ఖాళీ చేసుడు మీకు వచ్చు అనుకునే రాస్తున్న.

నీళ్లు తెల్లగ, మబ్బుగ ఉంటే

పదిట్ల ఎక్కువ సార్లు ఇది ఫిల్టర్ సంగతే. ఫిల్టర్ల ఇసుక శుభ్రంగ ఉన్నప్పుడు, అంటే బ్యాక్‌వాష్ (నీళ్లు ఉల్టా పారించి ఇసుకను కడుగుడు) చేసిన వెంటనే, గేజ్ ఎంత ఉందో మార్కర్‌తోని ఫిల్టర్ ట్యాంక్ మీదనే రాసి పెట్టుకోండి, దానికంటే 8-10 పీఎస్ఐ పెరిగిందంటే బ్యాక్‌వాష్ టైమ్ వచ్చినట్టు. బ్యాక్‌వాష్ అయినంక వాల్వ్ హ్యాండిల్‌ను రిన్స్ మీద పెట్టి మిగిలిన మురికి బయటికి పంపకుండ సీదా ఫిల్టర్‌కు తిప్పేస్తే ఆ మురికి మల్ల పూల్లకే వస్తది. హ్యాండిల్ తిప్పేటప్పుడు మోటర్ బంద్ ఉండాలె, ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. గేజ్ మామూలు కంటే తక్కువ చూపిస్తే మోటర్ ముందటి బుట్టల ఆకులు నిండి ఉంటయ్, లేకపోతే ఎక్కడో గాలి పీలుస్తున్నట్టు. ఇంకొకటి, ఎండకాలం మోటర్ రెండు గంటలు నడిపి బంద్ చేస్తే ఏ మందూ పనిచెయ్యది, కనీసం ఎనిమిది గంటలు తిరగాలె.

గేజ్ సరిగ్గ ఉండి కూడా తెల్లగ ఉంటే పీహెచ్ చూడండి. మన బోరు నీళ్లల్ల సున్నం ఎక్కువ, నీళ్లు కాగబెట్టే గిన్నె అడుగున తెల్లగ పేరుకునేది అదే. పీహెచ్ 7.8 దాటిందంటే ఆ సున్నం నీళ్లల్ల తేలుతది, టైల్స్‌కు పడతది, పైగా క్లోరిన్ బలం కూడా పడిపోతది. 7.2 నుంచి 7.6 మధ్యల ఉంచండి. పీహెచ్ దించనీకి యాసిడ్ పోసేటప్పుడు బకెట్ల ముందు నీళ్లు, తర్వాత యాసిడ్, ఎప్పుడూ ఉల్టా చెయ్యొద్దు.

క్లోరిన్ ఉందని టెస్ట్ కిట్ చూపిస్తుంది, నీళ్లు మాత్రం పచ్చగనే ఉన్నయ్

అసలు దొంగ ఇక్కడ ఉంటడు. కిట్ల చుక్కలు వేస్తే మంచి పసుపు రంగు వస్తది, 3 పీపీఎం (లీటర్ నీళ్లల్ల 3 మిల్లీగ్రాములు) చూపిస్తది, గేజ్ బాగుంది, పీహెచ్ బాగుంది, అయినా గోడలు పాకురు పట్టి జారుతయ్, షాక్ కొడితే, అంటే ఒక్కసారే ఎక్కువ క్లోరిన్ పోస్తే, రెండు రోజులు తేటగై మూడో రోజు మల్ల అదే కథ. అప్పుడు అందరు నాచు మందు కొంటరు, మైలుతుత్తం వేస్తరు, పైసలు పోతయ్ గని నీళ్లు మారయ్.

కారణం మీరు వేసే టాబ్లెట్లల్లనే ఉంది. మన దగ్గర పూల్ క్లోరిన్ అని ఎక్కువగ అమ్మేది టీసీసీఏ 90 (ట్రైక్లోరో ఐసోసయన్యూరిక్ యాసిడ్), పౌడరైనా టాబ్లెటైనా అదే. అందుల క్లోరిన్‌తో పాటు సయన్యూరిక్ యాసిడ్ అని ఇంకొకటి వస్తది, స్టెబిలైజర్ అంటరు దాన్ని. ఇది కొంచెం ఉండుడు మంచిదే, అస్సలు లేకపోతే మన ఎండకు క్లోరిన్ రెండు మూడు గంటల్ల దాదాపు అంతా ఎగిరిపోతది. 30 నుంచి 50 పీపీఎం ఉంటే చాలు. కానీ క్లోరిన్ పని చేసి ఖర్చయిపోతది, స్టెబిలైజర్ మాత్రం నీళ్లల్లనే ఉండిపోతది, ఎండకు పోదు, ఫిల్టర్‌కు చిక్కదు, రోజురోజు పేరుకుంటనే ఉంటది. పేరుకున్నకొద్దీ క్లోరిన్‌ను గట్టిగ పట్టుకుని వదలదు, కిట్ మాత్రం ఆ పట్టుకున్న క్లోరిన్‌ను కూడా లెక్కల చూపిస్తది, అందుకే మోసపోతరు.

లెక్క చూడండి. 30 అడుగుల పొడవు, 15 వెడల్పు, సగటు లోతు నాలుగున్నర అంటే 2,025 ఘనపుటడుగులు, 28.3 తోని గుణిస్తే 57,000 లీటర్ల చిల్లర. అందుల రోజుకు ఒక 200 గ్రాముల టాబ్లెట్ వేస్తే క్లోరిన్ 3 పీపీఎం పెరుగుతది, స్టెబిలైజర్ దాదాపు 2 పీపీఎం పెరుగుతది. నెలకు 57. రెండు నెలలకు వంద దాటింది. క్లోరిన్ కనీసం స్టెబిలైజర్‌ల 7.5 శాతం ఉండాలె, అంటే స్టెబిలైజర్ 150 ఉన్న పూల్ల 11 పీపీఎం ఉంటే తప్ప నాచు ఆగదు, మీరేమో 3 చూసి ఖుష్ అయితున్నరు.

"మేము రోజు బోరు నీళ్లు కలుపుతనే ఉన్నం కదా, పల్చబడదా?" అని అడుగుతరు. పడదు. ఎండకు ఆవిరైంది ఉత్త నీళ్లే, స్టెబిలైజర్, సున్నం రెండూ కింద మిగిలిపోతయ్, మీరు కలిపే బోరు నీళ్లు ఇంకింత సున్నం తెస్తయ్. నీళ్లు బయటికి పోతేనే తగ్గుతది.

నర్సంపేట రోడ్డు దిక్కు ఒక ఫామ్‌హౌస్‌ల ఇట్లనే నాచు మందు డబ్బాలు వరుసగ ఖాళీ చేసి పెట్టిన్రు. స్టెబిలైజర్ టెస్ట్ పెట్టినం. ఈ టెస్టుల పూల్ నీళ్లు, మందు సమానంగ కలిపి ఊపి రెండు నిమిషాలు ఆగాలె, నీళ్లు విరిగినట్టు తెల్లగైతయ్, అడుగున నల్ల చుక్క ఉన్న సన్న గొట్టంల మెల్లగ పోస్తూ పైనుంచి చూడాలె, చుక్క ఎక్కడ కనబడకుండ పోతే అక్కడి అంకె మీ లెక్క. మంచి పూల్ల గొట్టం చాలావరకు నిండినంక గని చుక్క పోదు. అక్కడ రెండు వేళ్ల మందం పొయ్యకముందే మాయమైంది. ఇక ఏ మందూ అక్కర్లేదు, నీళ్లు మార్చుడే. అంకె వంద దగ్గర ఆగిపోతే పూల్ నీళ్లల్ల బ్యాటరీల పోసే డిస్టిల్డ్ వాటర్ సగానికి సగం కలిపి మల్ల చూసి, వచ్చినదాన్ని రెట్టింపు చెయ్యండి.

ఎట్ల సరిచెయ్యాలె

సగం నీళ్లు తీసి నింపితే స్టెబిలైజర్ సగం తగ్గుతది, 160 ఉంటే 80, ఇంకోసారి చేస్తే 40. పై లెక్కల పూల్‌కు సగమంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు ఆరు దాక పడతయ్. మొత్తం ఖాళీ చేస్తే ఒక్కసారే అయిపోతది కదా అనుకోవద్దు, భూమిల నీళ్లు పైకున్నప్పుడు ఖాళీ పూల్‌ను కింది నుంచి లేపుతయ్, పగులుతది, టైల్స్ లేస్తయ్. ఆగస్టు, సెప్టెంబర్‌ల, చెరువు కింద, కాకతీయ కాలువ పక్కన ఉన్నోళ్లు మరీ జాగ్రత్త, ఒకసారికి మూడోవంతు మించి తియ్యొద్దు, తీసిన రోజే నింపండి. నన్నడిగితే ఫిబ్రవరి మంచిది, భూమిల నీళ్లు కొంచెం దిగి ఉంటయ్, బోర్లు ఇంకా ఎండిపోవు. తీసేముందు నాలుగైదు రోజులు క్లోరిన్ ఆపండి, ఆ నీళ్లు చెరువుల కలవొద్దు.

తర్వాత టాబ్లెట్లు బంద్ పెట్టి లిక్విడ్ హైపోకు (సోడియం హైపోక్లోరైట్, నీళ్ల లెక్క ఉండే క్లోరిన్) రండి, దాంట్ల స్టెబిలైజర్ ఉండది. పై పూల్‌కు 10 శాతం హైపో అర లీటర్ పై చిల్లర పోస్తే 1 పీపీఎం పెరుగుతది. క్యాన్లు చిన్నయే కొనండి, మే నెల ఎండల రేకుల షెడ్డుల పెడితే వారాల్లనే బలం పోతది. పచ్చదనం పొయ్యేదాక స్టెబిలైజర్ 40 ఉన్న దగ్గర క్లోరిన్ 16 దాక ఎక్కించి అక్కడనే నిలపాలె, ఎవ్వరినీ దిగనియ్యొద్దు. రాత్రి చీకటి పడ్డంక ఒకసారి, పొద్దు పొడవకముందు ఒకసారి కొలవండి, 1 పీపీఎం కంటే తక్కువ తగ్గిందంటే నాచు చచ్చినట్టు.

ఒక్క మాట మాత్రం ప్రాణాలతోని సంబంధం ఉన్నది: టీసీసీఏ వేసిన బకెట్ల, మగ్గుల, ఫ్లోటర్ల బ్లీచింగ్ పౌడర్ గని క్యాల్షియం హైపో గని వెయ్యొద్దు. రెండూ కలిస్తే విషగ్యాస్ వస్తది, మంట లేస్తది, పేలుతది కూడా. దేని మగ్గు దానికే ఉండాలె, పనిచేసే పిలగానికి ఎదురుగ నిలబడి చూపించండి.

మిగిలినయ్

ఫాస్ఫేట్ తీసే మందులు, ఖరీదైన ఎంజైమ్ మందులు, వీటి జోలికి పోకండి. ఇసుక మారుద్దామంటే అయిదారేండ్లు దాటితే ఆలోచించండి. చేనుల నుంచి వాన నీళ్లు పూల్లకు వస్తుంటే గట్టు ఎత్తు చెయ్యండి. నీళ్లు పచ్చగ ఉన్నా అడుగు దాక తేటగ కనిపిస్తుంటే అది నాచు కాదు, బోర్ల ఇనుము లేకపోతే ఎవరో వేసిన మైలుతుత్తం, దానికి క్లోరిన్ పోస్తే రంగు ఇంకా ముదురుతది, గోడలకు మరక పడతది, అక్కడ కూడా కొంత నీళ్లు మార్చుడే.